హాకెన్ రైఫిల్‌కి కొత్త బ్యారెల్: ఇంట్లో బిగించుకునే పద్ధతి, అడుగడుగునా

మూతి నుంచి తుపాకీ మందు, గుండు దట్టించే రైఫిళ్లకు (మజిల్‌లోడర్లకు) అమెరికాలో విడిగా బ్యారెళ్లు (గొట్టాలు) దొరుకుతాయి. పాతది తీసి కొత్తది దించితే చాలన్నట్టు వాటికి "డ్రాప్-ఇన్" అని పేరు పెట్టి అమ్ముతారు. చాలాసార్లు అలా దిగవు. ఎక్కడో అర మిల్లీమీటరు తేడా ఉంటుంది. ఆ అర మిల్లీమీటరు కోసం ఏ భాగం అరగదీయాలో, దేని జోలికి పోకూడదో తెలిస్తే ఒక శనివారం సాయంత్రానికి పని అయిపోతుంది. తెలియకపోతే మంచి స్టాకు (రైఫిల్ చెక్క భాగం) పాడవుతుంది.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది న్యూ హాంప్‌షైర్‌లోని రోచెస్టర్‌లో తయారైన, థాంప్సన్ సెంటర్ కంపెనీవారి హాకెన్. 1970లో వచ్చిన ఈ రైఫిల్, దాని తమ్ముడు రెనిగేడ్ ఇప్పటికీ పాత సామాన్ల మార్కెట్లో విరివిగా కనిపిస్తాయి. వీటి బ్యారెల్ వెనక కొనలో ఒక కొక్కెం ఉంటుంది. అది స్టాకుకు బిగించి ఉన్న ట్యాంగ్ అనే ఇనుప ముక్కలో తగులుకుంటుంది. ముందువైపు వెడ్జ్ అనే చదునైన ఇనుప చీల స్టాకుకు అడ్డంగా దూరి బ్యారెల్‌ని పట్టి ఉంచుతుంది. హాకెన్‌కి రెండు చీలలు, రెనిగేడ్‌కి ఒకటి. స్క్రూ విప్పే పని లేకుండా బ్యారెల్ ఊడి వస్తుంది కాబట్టే ఈ మార్పిడి ఇంట్లో సాధ్యం.

ముందు చట్టం మాట. అమెరికా ఫెడరల్ చట్టం లెక్కలో, నల్ల తుపాకీ మందు కోసమే చేసి, తూటాలు వాడే వీలు లేని మజిల్‌లోడర్ "యాంటిక్" కిందికి వస్తుంది, మామూలు ఫైర్‌ఆర్మ్ కిందికి రాదు. కానీ తూటా బ్యారెళ్లు కూడా పట్టే ఫ్రేము మీద మజిల్‌లోడర్ బ్యారెల్ బిగిస్తే ఆ మినహాయింపు పోతుంది. థాంప్సన్ సెంటర్‌వారి ఎన్‌కోర్ అలాంటిదే. రాష్ట్రాల చట్టాలు వేరు. న్యూజెర్సీలో మజిల్‌లోడర్‌ని కూడా ఫైర్‌ఆర్మ్‌గానే చూస్తారు. వీసా మీద ఉన్నవాళ్లు తమ రాష్ట్రంలో పరిస్థితి లాయరుని అడగకుండా కొనవద్దు. ఇక మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం నాటు తుపాకీ అయినా, భర్మార్ (మూతి నుంచి దట్టించే తుపాకీ) అయినా లైసెన్సు లేకుండా ఉంచుకోకూడదు. మరమ్మతు, మార్పు చేయడానికి మళ్లీ వేరే లైసెన్సు కావాలి. విడి బ్యారెల్ కూడా ఆయుధ భాగమే. కాబట్టి ఈ పని ఆంధ్రలోనో తెలంగాణలోనో ఇంట్లో చేసేది కాదు, బ్యారెల్‌ని సూట్‌కేసులో పెట్టుకుని తెచ్చేది అసలే కాదు.

ఏ బ్యారెల్ కొనాలి

ఎందుకు మారుస్తున్నారన్న దాన్ని బట్టి ఎంపిక ఉంటుంది. హాకెన్ బ్యారెల్ లోపలి గీతలు 48 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. ఇది అటు గుండ్రటి సీసపు గుండుకి, ఇటు పొడుగు బుల్లెట్‌కి మధ్యేమార్గం. గుడ్డముక్కలో చుట్టిన గుండే కాలుస్తామనుకుంటే 60 నుంచి 70 అంగుళాలకు ఒక చుట్టు ఉన్నది, గీతలు లోతుగా ఉన్నది మేలు. పొడుగు సీసపు బుల్లెట్లో, ప్లాస్టిక్ సాబో తొడిగినవో కావాలంటే 28 అంగుళాల చుట్టు తీసుకోవాలి. చుట్టు బిగువుగా, గీతలు పైపైన ఉన్న బ్యారెల్‌లో గుండు వేసి మందు పెంచితే, గుండు గీతల్ని పట్టుకోకుండా జారిపోతుంది, గురి చెదురుతుంది.

గ్రీన్ మౌంటెన్ కంపెనీ హాకెన్‌కి, రెనిగేడ్‌కి సరిపడేలా చేసిన బ్యారెళ్లకు ఈ రంగంలో మంచి పేరుంది. ఆ వరుస ఆపేశారు కాబట్టి ఇప్పుడు దొరికేవి ఎక్కువగా చేతులు మారినవే.

కొనేముందు వెర్నియర్ (సూక్ష్మంగా కొలిచే సాధనం) తీయండి. ఎనిమిది పలకల బ్యారెల్‌కి ఎదురెదురు పలకల మధ్య కొలత ముఖ్యం. హాకెన్‌ది 15/16 అంగుళం, అంటే 23.8 మిల్లీమీటర్లు. రెనిగేడ్‌ది 1 అంగుళం, 25.4 మిల్లీమీటర్లు. హాకెన్ బ్యారెల్ రెనిగేడ్ స్టాకులో బ్యారెల్ కోసం తొలిచిన గాడిలో వదులుగా కూర్చుంటుంది. రెనిగేడ్ బ్యారెల్ హాకెన్ గాడిలో కూర్చోవాలంటే చెక్క తొలచాలి. మొదటిది సర్దుకోవచ్చు, రెండోది మొదటిసారి చేసేవాళ్లు పెట్టుకోవద్దు. "హాకెన్" అన్న పేరు చూసి మోసపోవద్దు, ఇటలీలో తయారైన హాకెన్ తరహా రైఫిళ్ల కొక్కెం కొలతలు వేరు. బయటి కొలత ఒకటే అయినప్పుడు 54 క్యాలిబర్ (లోపలి వ్యాసం 0.54 అంగుళం) బ్యారెల్ 50 కన్నా తేలిక, లోపల ఇనుము తక్కువ కదా. చాలామంది దీన్ని తిరగేసి ఊహిస్తారు.

చీల దూరే రంధ్రాల స్థానం కూడా కొలవాలి. పాత బ్యారెల్ కొక్కెం ముఖం నుంచి ఒక్కో రంధ్రం మధ్య వరకు ఎంతో రాసుకుని, అమ్మేవాళ్లను అవే కొలతలు అడగండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా సర్దవచ్చు. అంతకన్నా ఎక్కువైతే ఆ బ్యారెల్ మీ రైఫిల్‌ది కాదు.

వాడిన బ్యారెల్ అయితే లోపల బిగువైన గుడ్డముక్కని రాడ్‌తో మెల్లగా తోయండి. ఒకేలా బిగువుగా వెళ్లాలి. మధ్యలో ఒక్కచోట చటుక్కున వదులై మళ్లీ బిగిస్తే అక్కడ లోపల కడియంలా ఉబ్బింది. గుండు మందు మీదికి పూర్తిగా దిగకుండా పేల్చినప్పుడు ఇలా అవుతుంది. అలాంటి బ్యారెల్ ఎంత చౌకగా ఇచ్చినా వద్దు. మందు ఉండే మొదలు వైపు తుప్పు గుంటలు తగిలితే కూడా అంతే.

ఇంకో దారి ఉంది, అది చాలామందికి తట్టదు. పాత బ్యారెల్‌నే నిపుణుడికి పంపి, బోరు (లోపలి రంధ్రం) పెంచి కొత్త గీతలు కోయించుకోవడం. కొక్కెం, చీల, సైట్లు (గురి చూసే గుర్తులు) అన్నీ ముందే సరిపోయి ఉంటాయి, బిగింపు తలనొప్పి అసలుండదు. పాత బ్యారెల్ లోపల తుప్పు పట్టి, బయట బాగుంటే మా ఓటు దీనికే.

పనిముట్లు

వెర్నియర్, ఇత్తడి లేదా నైలాన్ కడ్డీ ఒకటి, చిన్న సుత్తి, సన్నని ఆకురాళ్లు, చెక్క గీకడానికి స్క్రేపర్, పదునైన 6 మిల్లీమీటర్ల ఉలి, నిపుల్‌కి (క్యాప్ తొడిగే చిన్న మొనకి) సరిపోయే రెంచి, మసి. మసి కోసం కొవ్వొత్తి కానీ కిరోసిన్ దీపం కానీ చాలు. దుకాణంలో దొరికే నీలిరంగు పేస్టు కన్నా దీపం మసి పలచగా పడుతుంది, తగిలిన చోటే అంటుకుంటుంది. దీపం వెలిగించే గదిలో మందు, క్యాపులు (దెబ్బ తగిలితే నిప్పు చిమ్మే చిన్న టోపీలు) ఉండకూడదు. ఇది గుర్తు చేయాల్సిన మాట కాదనిపించినా చెప్పాల్సిందే.

ఖాళీగా ఉందో లేదో

పాత మజిల్‌లోడర్లు లోడు ఉండగానే చేతులు మారడం కొత్తేం కాదు. ఎన్నేళ్లయినా పొడిగా ఉంటే మందు పేలుతుంది. మూతిని జనం లేని వైపు ఉంచి, నిపుల్ మీద క్యాప్ లేదని చూసి, రామ్‌రాడ్‌ని (గుండు దట్టించే కడ్డీని) లోపలికి తగిలేదాకా దించండి. మూతి దగ్గర రాడ్ మీద వేలితో గుర్తు పెట్టుకుని బయటికి తీసి, బ్యారెల్ పక్కనే ఆనించండి. ఖాళీ అయితే రాడ్ కొస నిపుల్ దరిదాపులకు చేరుతుంది. మందు గది సన్నగా ఉంటుంది కాబట్టి కాస్త ముందే ఆగడం మామూలే. అంగుళానికి మించి ముందే ఆగితే లోడు ఉన్నట్టే లెక్క. దాన్ని గ్యాసు ఒత్తిడితో తోసేసే డిశ్చార్జర్‌తో తీయించుకోవాలి, లేదా గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) దగ్గరికి తీసుకెళ్లాలి. అప్పటిదాకా పని ఆపేయండి.

పాతది తీయడం

మొదట రామ్‌రాడ్ బయటికి తీయండి. అది బ్యారెల్ కింది గొట్టాల గుండా వెళ్లి స్టాకులోకి దిగి ఉంటుంది. అది ఉండగా బ్యారెల్ ఎత్తితే రాడ్ విరుగుతుంది, లేదా స్టాకు ముందుభాగం చిట్లుతుంది. తర్వాత హ్యామర్‌ని (క్యాప్‌ని కొట్టే భాగాన్ని) సగం వరకు లాగి నిలపండి. చీలలు ఏ వైపు నుంచి దూరాయో చూసి, సన్నటి వైపు నుంచి నైలాన్ కడ్డీతో తట్టండి. ముందు చీల ఏది, వెనక చీల ఏది అన్నది టేపు ముక్క మీద రాయండి, రెండూ అచ్చం ఒకేలా అరిగి ఉండవు. ఇప్పుడు మూతిని పైకి ఎత్తితే కొక్కెం తనంతట తానే విడిపోతుంది. రాకపోతే స్క్రూడ్రైవర్‌తో ఎగదన్నొద్దు. ఏళ్ల తరబడి గట్టిపడిన మందు మసి ఉంటుంది, రెండు చుక్కలు నూనె వేసి రాత్రంతా వదిలేయండి.

ఇక్కడే ఒక హెచ్చరిక. బ్యారెల్ మొదలుకి బిగించిన బ్రీచ్ ప్లగ్‌ని విప్పే ప్రయత్నం చేయవద్దు. థాంప్సన్ సెంటర్ సైడ్‌లాక్ (పేల్చే యంత్రం పక్కన ఉండే) రైఫిళ్లలో అది విప్పేందుకు పెట్టినది కాదు. తిరిగి బిగిస్తే పాత స్థానానికి రాదు, నిపుల్ పక్కకి జరుగుతుంది, మర పట్టు తగ్గుతుంది. మందు పేలే ఒత్తిడంతా ఆ మర మీదే.

కొక్కెం, ట్యాంగ్

లాక్, అంటే హ్యామర్ ఉన్న పక్క యంత్రం, విప్పి పక్కన పెట్టండి. అది ఉంటే ఏది ఎక్కడ తగులుతోందో తెలియదు. కొత్త బ్యారెల్‌కి పూసి ఉన్న గ్రీజు తుడిచి, వాలుగా పట్టుకుని కొక్కెం ట్యాంగ్‌లో దూర్చి, మూతిని మెల్లగా దించండి.

కొక్కెం దూరకపోతే దానికి మసి పట్టించి మళ్లీ పెట్టి తీయండి. ట్యాంగ్ లోపల ఎక్కడ నల్లగా అంటిందో అక్కడే ఒకటి రెండు సార్లు ఆకురాయితో రాయండి, మళ్లీ చూడండి. రాయాల్సింది ట్యాంగ్‌నే, కొక్కేన్ని కాదు. ట్యాంగ్ పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు. కొక్కెం పాడైతే బ్యారెల్ పోయినట్టే. కొక్కెం పైఅంచు అరగదీస్తే బ్యారెల్ కదలడం మొదలవుతుంది, ఆ కదలికను ఏ చీలా ఆపలేదు.

కూర్చున్నాక బ్యారెల్ ముఖానికి, ట్యాంగ్‌కి మధ్య నోటుపుస్తకం కాగితం పెట్టి లాగండి. కాగితం పట్టుకుంటే బాగుంది. రెండు మడతల కాగితం జారిపోతుంటే వదులు. కాల్చిన ప్రతిసారీ బ్యారెల్ వెనక్కి వచ్చి ట్యాంగ్‌ని తంతుంది, ట్యాంగ్ వెనక చెక్క కొన్నాళ్లకు చీలుతుంది. ట్యాంగ్ స్క్రూ విప్పి, దాని కింద, వెనక పలచగా ఎపాక్సీ (రాయిలా గట్టిపడే జిగురు) వేసి కాస్త ముందుకి జరిపి కూర్చోబెడితే ఈ సందు పోతుంది.

చెక్క గాడి

బ్యారెల్ కింది మూడు పలకలకు మసి పట్టించి, నిటారుగా దించి, చేత్తో నొక్కి, నిటారుగానే ఎత్తండి. గాడిలో చూస్తే ఎక్కడెక్కడ ఆనుతోందో పటంలా కనిపిస్తుంది. మొదలు దగ్గర, మొదటి చీల దగ్గర, స్టాకు ముందు కొస టోపీ దగ్గర మచ్చలు సమంగా ఉంటే చేయాల్సింది ఏమీ లేదు. నడుమ ఒక్కచోటే దట్టంగా ఉండి రెండు కొసలూ శుభ్రంగా ఉంటే బ్యారెల్ అక్కడ తక్కెడలా ఊగుతోంది. ఆ మచ్చని మాత్రమే గీకండి. ఒక్కసారికి కాగితం మందం. మళ్లీ మసి, మళ్లీ నొక్కుడు. పదిహేను ఇరవై సార్లు పడుతుంది, ఉలితో ఒక్క దెబ్బలో ముగిద్దామనుకుంటే గాడి గోడ ఎగిరిపోతుంది. లాక్ పక్కనున్న గోడ అన్నిటికన్నా పలచన, అక్కడ ఉలి ముట్టొద్దు, స్క్రేపరే వాడండి.

గీకిన చోట పచ్చి చెక్క బయటపడుతుంది. దానికి ఉడికించిన అవిసె నూనె కానీ టంగ్ నూనె కానీ పలచగా రెండు మూడు పూతలు వేసి, పూతకీ పూతకీ మధ్య పూర్తిగా ఆరనివ్వండి. వదిలేస్తే తేమ తాగి ఉబ్బుతుంది, అప్పుడు మీరు సరిచేసిందంతా తిరిగి మొదటికి వస్తుంది. నూనె గుడ్డల్ని ఉండ చుట్టి పడేయొద్దు, వాటంతట అవే అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టండి.

15/16 అంగుళం బ్యారెల్‌ని 1 అంగుళం గాడిలో పెడుతున్నారనుకోండి. ఒక్కో వైపు 1/32 అంగుళం, అంటే 0.8 మిల్లీమీటరు సందు వస్తుంది. చూపుకి అందంగా ఉండదు, అంతే. గాడి అంతా నింపక్కర్లేదు. మొదలు దగ్గర రెండు అంగుళాల మేర, చీల దగ్గర ఒక అంగుళం మేర ఎపాక్సీ పరుపు వేస్తే చాలు. బ్రౌనెల్స్‌వారి ఆక్రాగ్లాస్ దీనికోసమే ఉంది. బ్యారెల్‌కి ఎపాక్సీ అంటుకోకుండా ఉండేందుకు విడుదల పూత రెండుసార్లు వేయండి. కొక్కెం చుట్టూ ఉన్న ప్రతి సందులో, చీల రంధ్రాల్లో, కింద ఉన్న ప్రతి గుంటలో పిల్లలు ఆడుకునే రంగు బంకమన్ను కూరండి. ఒక్క గుంటలోకి ఎపాక్సీ దూరి గట్టిపడినా బ్యారెల్ ఇక ఊడదు, స్టాకు కోసి తీయాల్సి వస్తుంది.

లాక్, నిపుల్

లాక్ తిరిగి బిగించండి. నిపుల్ కూర్చునే ఉబ్బు లాక్ పలకలో కోసిన అర్ధచంద్రంలోకి వస్తుంది. అది పలకని మెల్లగా తాకవచ్చు, లేదా వెంట్రుకవాసి ఎడంగా ఉండవచ్చు. గట్టిగా నొక్కితే మాత్రం లాక్ స్క్రూ బిగించిన కొద్దీ బ్యారెల్ పక్కకి వంగుతుంది, గుండ్లు ఒకే వైపు పోతుంటాయి. మసి పెట్టి చూసి, లాక్ పలక అంచునే సన్నగా రాయండి.

నిపుల్ మర సంగతి అన్నిటికన్నా ప్రమాదకరం. థాంప్సన్ సెంటర్‌ది 1/4 అంగుళం, అంగుళానికి 28 మరలు. ఇటలీ రైఫిళ్లలో చాలావాటికి 6 మిల్లీమీటర్ల మెట్రిక్ మర. 6 మిల్లీమీటర్ల నిపుల్ 1/4 అంగుళం రంధ్రంలో వదులుగా దూరుతుంది, బిగిసినట్టు కూడా అనిపిస్తుంది. పేల్చినప్పుడు అదే మొహం మీదికి ఎగిరి వస్తుంది. నిపుల్ చేత్తో తిప్పితే ఊగకుండా చివరిదాకా సాఫీగా దిగాలి.

హ్యామర్ కప్పు నిపుల్ మీద నడిమధ్య పడాలి. నిపుల్ మీద చిన్న మైనం ముద్ద పెట్టి, హ్యామర్‌ని బొటనవేలితో పట్టుకుని మెల్లగా దించితే అచ్చు పడుతుంది. అచ్చు ఒక పక్కకి ఉంటే క్యాపులు పేలవు, లేదా తునకలు పక్కకి చిమ్ముతాయి. ముందు వెనకల తేడా కొద్దిగా అయితే ఎత్తు వేరే ఉన్న నిపుల్‌తో సరిపోతుంది. పక్కల తేడా అయితే హ్యామర్ వంచాలి. పోత హ్యామర్‌ని చల్లగా ఉండగా వంచితే విరుగుతుంది, ఇది గన్‌స్మిత్ పని.

చీల

చీల బొటనవేలితో తోస్తే మూడొంతులు పోవాలి, మిగిలింది సుత్తి చిన్న తట్టుతో. గట్టిగా కొడితే తప్ప దిగకపోతే స్టాకు విల్లులా వంగుతోందని అర్థం. ముందు వెనకల తేడా ఉంటే బ్యారెల్ కింది లగ్ (చీల దూరే ఇనుప ముక్క) రంధ్రాన్ని సూది ఆకురాయితో పొడుగు దిశలో పెంచండి. ఆ రంధ్రం పొడవులో కాస్త ఎక్కువ ఉండడమే మంచిది, వానాకాలం చెక్క సాగినా బ్యారెల్‌ని లాగదు. ఎత్తు దిశలో మాత్రం పెంచకూడదు, బిగువంతా అక్కడే. చీల వదులైతే దాన్ని కొద్దిగా విల్లు వంచండి, పట్టు వస్తుంది.

కొన్ని బ్యారెళ్లు కింది రిబ్ (అడుగున బిగించే పొడుగు పట్టీ), రాడ్ గొట్టాలు లేకుండా వస్తాయి. పాత రిబ్ స్క్రూ రంధ్రాలు కలిస్తే దాన్నే మార్చుకోండి. స్క్రూ పొడవు రంధ్రం లోతుకన్నా తక్కువ ఉండాలి. స్క్రూ కొస అడుగుని నొక్కితే లోపల బోరులో బిగువు పుడుతుంది. రంధ్రాలు కలవకపోతే మీరు కొత్తవి వేయొద్దు. డ్రిల్లు ఒక్క మిల్లీమీటరు ఎక్కువ దిగితే మందు పేలే గొట్టం గోడ పలచబడుతుంది. కొత్త బ్యారెల్ పొడుగైతే రాడ్ కూడా పొడుగైనది కావాలి, అడుగుకి చేరినా మూతి బయట పిడికిలి పట్టేంత మిగలాలి.

మొదటి కాల్పులు, సైట్లు

రేంజిలోనే, కళ్లజోడు, చెవి రక్షణతో. 50 క్యాలిబర్‌కి 0.490 అంగుళం గుండు, 0.015 అంగుళం మందం ఉన్న గుడ్డ, కొలతపాత్రతో 50 నుంచి 60 గ్రెయిన్ల (మందు కొలిచే ప్రమాణం) ఎఫ్ఎఫ్‌జీ (పలుకు సైజు పేరు) నల్ల తుపాకీ మందుతో మొదలుపెట్టండి. పై హద్దు బ్యారెల్ తయారీదారు ఇచ్చిందే. పొగరాని మందు ఒక్క చిటికెడు కూడా వద్దు, బ్యారెల్ పగులుతుంది. ముందు ఖాళీ రైఫిల్ మీద రెండు క్యాపులు పేల్చి నూనె పోగొట్టండి. గుండు మందు మీద ఆనిందో లేదో తెలిసేలా రాడ్ మీద గీత పెట్టుకోండి, ప్రతి లోడుకీ ఆ గీత చూడండి.

మూడు గుండ్ల తర్వాత ఆపి, కాగితం పరీక్ష మళ్లీ చేయండి. చీల జరిగిందా, ట్యాంగ్ వెనక వెంట్రుకలాంటి చీలిక ఏమైనా వచ్చిందా చూడండి. గుండ్లు నిలువు వరసలో పడుతుంటే బ్యారెల్ గాడిలో సమంగా ఆనడం లేదు, లేదా చీల బిగువు. మొదటి గుండు ఒకచోట, మిగతావి ఇంకోచోట పడితే అది బిగింపు తప్పు కాకపోవచ్చు. శుభ్రమైన బోరుకీ మసిపట్టిన బోరుకీ ఉన్న తేడా అది, గుండుకీ గుండుకీ మధ్య తడిగుడ్డతో ఒకసారి తుడిచి చూడండి.

ముందు సైట్‌ని ఆకురాయితో తగ్గిస్తే గుండు పైకి పోతుంది. ఎంత రాయాలో లెక్క ఉంది. రెండు సైట్ల మధ్య దూరాన్ని, గుండు ఎంత కింద పడిందో దానితో గుణించి, లక్ష్యం దూరంతో భాగించాలి, అన్నీ అంగుళాల్లో. సైట్ల మధ్య 20 అంగుళాలు, 50 గజాల దగ్గర, అంటే 1800 అంగుళాల దగ్గర, 3 అంగుళాలు కింద పడుతుంటే 20 ఇంటూ 3 బై 1800, అంటే 0.033 అంగుళం. అందులో సగమే రాసి మళ్లీ కాల్చండి. రాసింది తిరిగి రాదు. మందు కొలత ఖాయం కాకముందు అయితే సైట్ ముట్టుకోనేవద్దు.

ఇంటికి రాగానే బ్యారెల్ ఊడదీసి, మొదలుని వేడినీళ్ల బకెట్‌లో పెట్టి, మూతి నుంచి గుడ్డతో పంపులా లాగుతూ తోస్తూ కడగండి. నీళ్లు తెల్లగా వచ్చేదాకా. ఆరబెట్టి నూనె పట్టించండి, రేపు చేద్దాంలే అనుకుంటే మందు మసి రాత్రికి రాత్రే తేమ లాగి తుప్పు పుట్టిస్తుంది. తిరిగి దించేముందు కొక్కేనికి పలచగా గ్రీజు, గాడికి పొడిగుడ్డ. మొదటి నెలలో చెక్క సర్దుకుంటుంది, ఒకసారి మళ్లీ మసి పెట్టి చూడండి. కొత్త మచ్చ కనిపిస్తే ఒక్క గీకుడు.